దక్షిణం బాల్కనీ ఉన్న హాల్లో రబ్బరు మొక్క: ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా

ఇంట్లో పెంచే మొక్కల విషయంలో ‘వెలుగు చాలట్లేదు’ అన్న మాట రోజూ వినిపించేదే. ఇళ్లకు వెళ్లి మొక్కల సమస్యలు చూసే మేం ఈ కేసు రాసి పెట్టడానికి కారణం వేరు. ఈ ఇంట్లో బయట ఎండలు ముదిరేకొద్దీ హాల్లో వెలుగు తగ్గుతూ వచ్చింది. ఇంటివాళ్లేమో వేసవి కాబట్టి లోపల కూడా వెలుగు పెరిగే ఉంటుందనుకుని, తప్పు నీళ్లదో ఎరువుదో అని వెతికారు. హైదరాబాద్‌లో దక్షిణం వైపు బాల్కనీ, దాని మీద పై అంతస్తు స్లాబు ఉన్న ఫ్లాట్లన్నింట్లోనూ జరిగేది ఇదే. కుటుంబం ఒప్పుకున్నాకే, వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాం.

నేపథ్యం

నగరానికి పడమటి వైపు ఒక అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. హాలు దక్షిణానికి తెరుచుకుంటుంది. బాల్కనీ లోతు 1.5 మీటర్లు. పైన స్లాబు నేల నుంచి 2.9 మీటర్ల ఎత్తులో ఉంది. గడప దగ్గర గాజు తలుపు, దోమల మెష్, లోపల పల్చటి నెట్ కర్టెన్, దాని మీద మందం కర్టెన్. నేలంతా లేత రంగు వెట్రిఫైడ్ టైల్స్.

మొక్క బర్గండీ రకం రబ్బరు మొక్క. నవంబర్ రెండో వారంలో నర్సరీలో కొన్నారు. అయిదడుగుల ఎత్తు, ఒకే కాండం. అప్పటి ఫోటోలో లెక్కపెడితే 31 ఆకులున్నాయి. టీవీ పక్క మూలన, బాల్కనీ తలుపుకు 3.2 మీటర్ల దూరంలో పెట్టారు.

హైదరాబాద్ నర్సరీల్లో దొరికే ఇలాంటి మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి లారీల్లో వచ్చేవే. అక్కడ అవి ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద పెరుగుతాయి. 50 శాతం నెట్ కింద కూడా ఎండ కాసే మధ్యాహ్నం 40-50 వేల లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) ఉంటుంది. రోజంతా కలిపితే దాదాపు 3 లక్షల లక్స్-గంటలు. లక్స్-గంటలంటే సగటు లక్స్‌ను గంటలతో గుణించిన లెక్క. మొక్కకు కావాల్సింది రోజంతా అందిన మొత్తం. ఒక క్షణంలో కొలిచిన వెలుగుతో అది తెలియదు, అందుకే ఇంట్లో కొలిచినప్పుడల్లా ఈ లెక్కే వాడతాం.

సమస్య

జనవరి చివరి నుంచి కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. మొదట వారానికి ఒకటి, తర్వాత రెండు మూడు. నవంబర్ తర్వాత వచ్చిన రెండు కొత్త ఆకులు చిన్నవి, పల్చనివి. వాటి కణుపుల మధ్య దూరం 6 సెంటీమీటర్లు. నర్సరీలో పెరిగిన భాగంలో అది 2.5 సెంటీమీటర్లే. కొస తలుపు వైపు వంగింది. ఏప్రిల్ మొదటి వారంలో మేం చూసేసరికి 14 ఆకులు మిగిలాయి, వాటిలో నాలుగు కాలినవి.

మమ్మల్ని పిలిచేలోపు వాళ్లు నాలుగు పనులు చేశారు. ఫిబ్రవరిలో నీళ్లు పెంచి రోజూ ఒక చెంబు పోశారు. నెలాఖరులో గుప్పెడు డీఏపీ ఎరువు వేశారు. ఆకులు మెరవాలని కొబ్బరి నూనెతో తుడిచారు. మార్చి నాలుగో వారంలో ‘ఎండ తగిలితే కోలుకుంటుంది’ అని బాల్కనీలో రెయిలింగ్ పక్కన పెట్టారు. మూడు రోజుల్లో పై ఆకుల నడిమధ్యన లేత గోధుమ రంగు మచ్చలు లేచాయి. భయపడి మళ్లీ మూలకే చేర్చారు.

ఈ నాలుగింటిలో కొబ్బరి నూనె గురించి ఒక మాట. రబ్బరు మొక్కకు శ్వాసరంధ్రాలు ఆకు అడుగు వైపున ఉంటాయి, కాబట్టి పైన రాసిన నూనె వల్ల ఊపిరాడకపోవడం ఉండదు. అయితే మన ఊరి దుమ్ము నూనెకు అంటుకుని పొరలా కూర్చుంటుంది. వెలుగుకు మొహం వాచిన ఆకుకు ఆ పొర కూడా అడ్డే. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

కొలిచి చూస్తే

లక్స్ మీటర్‌ను ఆకుల ఎత్తులో, తలుపు వైపు తిప్పి పట్టుకుని కొలిచాం. నేల మీద పెట్టి కొలిస్తేనో, పైకప్పు వైపు తిప్పితేనో వచ్చే అంకె ఆకుకు సంబంధం లేనిది. మూలలో ఉదయం 10కి 140, మధ్యాహ్నం 1కి 190, సాయంత్రం 4కి 110. రోజు మొత్తం దాదాపు 1,300 లక్స్-గంటలు. నర్సరీలో అందినదానిలో ఇది రెండొందల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. రబ్బరు మొక్క ఆకులు రాల్చకుండా నిలబడటానికి రోజుకు 12-15 వేలు, కొత్త ఆకు వేయడానికి 30 వేలకు అటూ ఇటూగా కావాలన్నది మేం పనిలో వాడే అంచనా.

ఇంటివాళ్లు నమ్మలేదు. హాలు వెలుతురుగానే ఉంది కదా అన్నారు. కన్ను వెలుగును రెట్లలో కొలవదు. 200 లక్స్ హాల్లోంచి 20,000 లక్స్ బాల్కనీలోకి అడుగుపెడితే కాస్త కళ్లు చికిలించి సర్దుకుంటాం, అంతే. ఆ గడప దగ్గర వంద రెట్ల తేడా ఉందని కంటికి తెలియదు. అందుకే మీటర్ వాళ్ల చేతికిచ్చి, తలుపు నుంచి మూల దాకా అడుగడుక్కీ ఆగి చదవమన్నాం. మూడో అడుగుకే అంకె సగానికి పడిపోయింది. ఆ తర్వాత మేం వివరించాల్సింది పెద్దగా మిగల్లేదు.

మరి నవంబర్ నుంచి జనవరి దాకా ఎలా నిలబడింది? కారణాలు రెండు. కాండంలో, ఆకుల్లో నర్సరీ నాటి నిల్వ ఉంది, మొక్క కొన్నాళ్లు దాన్నే తింటుంది. రెండోది సూర్యుడి నడక. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఈ బాల్కనీ కొలతలకు లెక్కేస్తే ఆ రోజు ఎండ గడప దాటి హాల్లోకి మీటరు దూరం వస్తుంది. అది మూలలోని మొక్క మీద పడదు, కానీ లేత టైల్స్ మీద పడి గదంతా చిమ్ముతుంది. ఉత్తరాయణంలో సూర్యుడు పైకెక్కే కొద్దీ ఎండ పట్టీ వెనక్కి జరుగుతుంది. ఫిబ్రవరి మధ్యకి గడప లోపల జానెడు. మార్చి 21కి బాల్కనీలోనే, రెయిలింగ్ నుంచి 90 సెంటీమీటర్ల మేర. ఏప్రిల్ మధ్యకి రెయిలింగ్ పక్కన 40 సెంటీమీటర్లు. మే రెండో వారానికి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. రోహిణి కార్తె నాటికి నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, దక్షిణం గోడకు రోజంతా నేరుటెండ తగలదు. రోళ్లు పగిలే ఎండల్లో ఈ హాలు మాత్రం ఏడాది మొత్తంలోకీ మసకగా ఉండే కాలంలో ఉంటుంది.

ఆకులు రాలడం మొదలైంది సరిగ్గా ఆ పట్టీ వెనక్కి తగ్గుతున్న వారాల్లోనే. బాల్కనీలో కాలిపోవడానికీ అదే లెక్క. మార్చి నాలుగో వారంలో రెయిలింగ్ పక్కన ఎండ ఇంకా పడుతోంది. నాలుగు నెలలు మసకలో ఉన్న ఆకు దొరికిన కొద్ది వెలుగునూ పట్టుకునేలా తనను తాను సర్దుకుంటుంది. దాని మీద ఒక్కసారిగా కొన్ని వందల రెట్ల వెలుగు పడితే పత్రహరితం దెబ్బతిని అక్కడే తెల్లబారి ఎండిపోతుంది. అలాంటి మొక్కను బయటికి చేర్చాలంటే వారానికి వెలుగు రెట్టింపుకు మించి పెంచకూడదు. 190 నుంచి 50 వేలకు వెళ్లాలంటే ఎనిమిది రెట్టింపులు, అంటే ఎనిమిది వారాలు. వీళ్లు ఆ దూరాన్ని ఒక్క పొద్దులో దాటించారు.

మొదటి నిర్ణయం: వెలుగు కంటే ముందు వేళ్లు

వెలుగు సమస్య అని తేలినా ముందు కుండీ విప్పాం. మసకలో ఉన్న మొక్క నీళ్లు పెద్దగా తాగదు. రోజూ పోసిన చెంబు నీళ్లు ఎక్కడికీ పోకుండా మట్టిలోనే నిలిచి ఉంటాయి. వేళ్లు కుళ్లి ఉంటే ఎంత వెలుగిచ్చినా మొక్క వాడుకోలేదు, పైగా నీళ్లు లాగలేక ఇంకా త్వరగా వాడుతుంది.

14 అంగుళాల కుండీ, జిగట ఎర్రమట్టి. బయటికి తీస్తే మురుగు వాసన. వేరు ముద్దలో అడుగు మూడో వంతు నల్లబడింది. ఒక వేరును వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతొక్క చేతిలోకి ఊడొచ్చి, లోపలి దారం పోగులా మిగిలింది. వేరుకుళ్లుకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

నల్ల వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేశాం. పాలు కారతాయి, చర్మానికి దురద పుడుతుంది కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. కొత్త మిశ్రమం 4 పాళ్లు కోకోపీట్, 3 పాళ్లు పెర్లైట్, 2 పాళ్లు వర్మీకంపోస్ట్, 1 పాలు ఎర్రమట్టి, గుప్పెడు వేపపిండి. పెర్లైట్ దొరక్కపోతే బఠాణీ గింజంత ఇటుక ముక్కలు కూడా పనిచేస్తాయి. కుండీ మాత్రం 10 అంగుళాలదే. పెద్ద కుండీలో పెడితే బాగుంటుందని ఇంట్లో అడిగారు. మూడో వంతు వేళ్లు పోయిన మొక్కకు పెద్ద కుండీ ఇస్తే, వేరు అందని మట్టి తడిగానే ఉండిపోయి మళ్లీ కుళ్లు పడుతుంది. కాలిన నాలుగు ఆకుల్ని తీయలేదు, వాటిలో పచ్చగా ఉన్న భాగం ఇంకా తిండి తయారుచేస్తుంది. ఎరువు ఆరు వారాల పాటు బంద్.

రెండో నిర్ణయం, అది ఎందుకు తప్పింది

కుండీని మూల నుంచి తలుపుకు మీటరు దూరానికి జరిపాం. ఆ రోజు మధ్యాహ్నం 1కి అక్కడ 1,900 లక్స్ వచ్చింది. రోజుకు 13-14 వేల లక్స్-గంటలు అందుతాయని లెక్కగట్టాం. పెరుగుదలకు చాలవు, ఆకులు రాలడం ఆగడానికి చాలు. వేళ్లు కోలుకునే దాకా అంతకంటే ఎక్కువ వద్దనీ అనుకున్నాం.

మూడు వారాల్లో మరో రెండు ఆకులు రాలాయి. వేళ్ల దగ్గర తప్పేమీ కనిపించలేదు, మిశ్రమం ఆరుతోంది, వాసన లేదు. ఇంటి పెద్దావిడ మాటల్లో అసలు సంగతి బయటపడింది: ‘పొద్దున పదికే పర్దా ఏస్తం గద బిడ్డా, ఎండకు. మల్ల అయిదు దాటినంకనే తీసేది.’

మేం కొలిచినప్పుడల్లా పర్దా పక్కకు తీసి ఉంది, తలుపు తీసి ఉంది. ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు సర్ది, తెరలు తీసి పెడతారు. ఈసారి రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచి కొలిచాం. అన్నీ తీస్తే 1,900 ఉన్న చోట మెష్ వేస్తే 1,250. మెష్ మీద నెట్ కర్టెన్ కూడా వేస్తే 600. మందం కర్టెన్ వేస్తే 40. అసలైన ఏడు గంటలూ మొక్క ఉన్నది ఆ నలభైలో. మెష్ రెండేళ్లుగా కడగలేదు. బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి కడిగాక మెష్ ఒక్కటే ఉన్నప్పటి అంకె 1,250 నుంచి 1,450కి పెరిగింది. ఖర్చు లేకుండా పెరిగిన వెలుగది.

ఇక్కడ రెండు దార్లున్నాయి. కర్టెన్ తీసి ఉంచమని ఒత్తిడి చేయడం ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లున్న ఇంట్లో అది న్యాయం కాదు, అడిగినా వారం రోజులకు మించి జరగదు. మొక్క కోసం మనుషులు ఉక్కలో కూర్చోవాల్సిన సలహా ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం. రెండోది, చోటు మార్చడం.

ఈలోగా వాళ్లబ్బాయి ఆన్‌లైన్‌లో ఊదా రంగు గ్రో బల్బు తెప్పించి మొక్కకు 1.5 మీటర్ల పైన పెట్టాడు. 9 వాట్లది. బల్బు వెలుగు దూరంతో ఎంత పడిపోతుందో చూపించడానికి అదే హోల్డర్లో మామూలు 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ పెట్టి కొలిచాం: 1.5 మీటర్ల దగ్గర 80 లక్స్, 30 సెంటీమీటర్ల దగ్గర దాదాపు 2,000. దూరం అయిదో వంతుకు తగ్గితే వెలుగు పాతిక రెట్లు పెరిగింది. ఊదా బల్బును లక్స్ మీటర్‌తో కొలవడం దండగ. మీటర్ మనిషి కంటికి అనుగుణంగా చేసింది, ఎరుపు, నీలం కాంతుల్ని చాలా తక్కువ చేసి చూపిస్తుంది. రంగు ఏదైనా 9 వాట్ల బల్బు ఆ ఎత్తు నుంచి అయిదడుగుల మొక్కకు చేయగలిగేది ఏమీ లేదు.

పనిచేసింది

ఇల్లంతా మీటర్‌తో తిరిగాం. తూర్పు పడకగదికి ఎదురుగా పక్క బ్లాకు గోడ. వంటింటి పక్కన వాషింగ్ ఏరియాలో ఉత్తరపు వెలుగుంది కానీ చోటు లేదు. మిగిలింది ఉత్తరం గది, పగలు పెద్దగా వాడరు. కిటికీకి ఎదురుగా ఖాళీ ప్లాటు, ఆకాశం తెరిపిగా ఉంది. ‘ఉత్తరం కిటికీ అంటే తక్కువ వెలుగు’ అని చాలాచోట్ల రాసి ఉంటుంది. అది మనకంటే చాలా ఉత్తరాన ఉన్న దేశాలకు చెల్లే మాట. మన దగ్గర మే మొదలు జూలై చివరి దాకా సూర్యుడు ఈశాన్యాన పొడిచి వాయవ్యంలో కుంకుతాడు, పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోకి ఏటవాలు ఎండ వస్తుంది. మే మొదటి వారంలో గాజుకు 60 సెంటీమీటర్ల దగ్గర కొలిస్తే 9 గంటలకు 2,900, మధ్యాహ్నం 3,600, సాయంత్రం 5కి 2,300. రోజుకు 31 వేల లక్స్-గంటలు. హాలు కాదు కాబట్టి కర్టెన్ అవసరమూ లేదు.

ఒకేసారి కిటికీ దగ్గర పెట్టలేదు. మొదటి వారం 2 మీటర్లు, రెండో వారం 1.2, మూడో వారం 60 సెంటీమీటర్లు. వారానికోసారి కుండీని పావు చుట్టు తిప్పమన్నాం. నీళ్లకు రోజుల లెక్క పెట్టలేదు. చీపురు పుల్ల రెండంగుళాలు గుచ్చి, పొడిగా వస్తేనే అడుగున కారేదాకా పోసి, సాసర్‌లో నిలిచిన నీళ్లు పారబోయాలి. మేలో అది 6 రోజులకోసారి పడింది. అదే మొక్క మూలలో ఉన్నప్పుడు రోజూ చెంబెడు తాగాల్సి వచ్చింది.

జూన్ మూడో వారంలో కొసన సన్నటి ఎర్రటి తొడుగు కనిపించింది, మొన తేలిన పెన్సిల్‌లా. తొమ్మిది రోజులకు అది చీలి, చుట్ట చుట్టుకున్న ఆకు రాగి రంగులో విప్పుకుంది. దాని కింద కణుపు దూరం 3 సెంటీమీటర్లు. మళ్లీ గట్టిగా పెరుగుతోందనడానికి మేం చూసే గుర్తు ఆకుల సంఖ్య కన్నా ఇదే.

జూలైలో ముసురు పట్టింది. అదే చోట మధ్యాహ్నం 1,100, రోజుకు 9,500. రెండు వారాలు ఓపిక పట్టొచ్చు, రెండు నెలలైతే మళ్లీ మొదటికొస్తుంది. 15 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ స్పాట్‌లైట్, 36 డిగ్రీల బీమ్‌ది, పై ఆకులకు 90 సెంటీమీటర్ల దూరంలో, కిటికీకి ఎదురు వైపు నుంచి ఏటవాలుగా బిగించాం. నెత్తి మీద నుంచి వేస్తే పై ఆకుల నీడ కింది వాటి మీద పడుతుంది. పై ఆకులకు 3,400, నడిమి వాటికి 1,800, కింది వాటికి 500. టైమర్ ప్లగ్గుతో పొద్దున 6 నుంచి సాయంత్రం 4 దాకా, పది గంటలు. నడిమి ఆకులకు అదనంగా 18 వేల లక్స్-గంటలు. ఎల్‌ఈడీ లక్స్ పగటి లక్స్ కంటే మొక్కకు కొంచెం తక్కువ విలువైనది, పాతిక శాతం దాకా తీసేసి చూసుకోవాలి. కరెంటు రోజుకు 0.15 యూనిట్, నెలకు నాలుగున్నర. లైటు రాత్రంతా వేసి ఉంచొద్దని గట్టిగా చెప్పాం, మొక్కకు చీకటి గంటలు కూడా కావాలి.

దసరా తర్వాత, అక్టోబర్ మధ్యలో, ఎండ పట్టీ మళ్లీ హాలు గడపను తాకింది. వేడి తగ్గడంతో పర్దా పగలంతా తీసి ఉంటోంది. అప్పుడు కుండీని హాల్లోకి, తలుపుకు 1.3 మీటర్ల దగ్గరికి తెచ్చాం. మరీ దగ్గర పెట్టకపోవడానికి కారణముంది. డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నపు ఎండ మీటరు దగ్గరే నేల తాకి ఆగిపోతుంది కాబట్టి ఆకుల మీద నేరుగా పడదు, టైల్స్ నుంచి చిమ్మే వెలుగు మాత్రం అడుగు నుంచీ అందుతుంది. అక్టోబర్‌లో రోజుకు 20 వేలు, డిసెంబర్‌లో 33 వేలు. లైటు తీసేశాం.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఇంటికి వెళ్లగానే తెరలు ముట్టుకోం. ఎలా ఉంటే అలాగే కొలిచి, ఆ తర్వాత తీసి కొలుస్తాం. కర్టెన్ ఎన్నింటికి వేస్తారు, ఏసీ ఎప్పుడు నడుస్తుంది, సాయంత్రం మెష్ ఎన్నింటికి మూస్తారు అని ఇంట్లో పగలంతా ఉండే మనిషినే అడుగుతాం. మీటర్ లేనివాళ్లు ఫోన్ యాప్ వాడొచ్చు. ఒక్కో ఫోన్ ఒక్కో అంకె చూపిస్తుంది కాబట్టి దాన్ని అసలు లెక్కగా తీసుకోకూడదు. ఒకే ఫోన్‌తో ఇంట్లో రెండు చోట్లను పోల్చుకోవడానికైతే బాగా పనికొస్తుంది. ఫోన్‌లో సెన్సర్ ముందు కెమెరా పక్కన ఉంటుంది, ఆ వైపునే కిటికీకి తిప్పాలి.

కిటికీ దిక్కు అడిగి వదిలేయకుండా నెల కూడా చూస్తాం. స్లాబు ఎత్తు, బాల్కనీ లోతు టేపుతో కొలిస్తే ఏ నెలలో ఎండ ఎక్కడిదాకా వస్తుందో కాగితం మీదే తేలిపోతుంది. పడమటి బాల్కనీలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ సాయంత్రపు ఎండ ఏడాది పొడుగునా స్లాబు కిందనుంచి దూరి లోపలికొస్తుంది, చిక్కు ఎక్కువ వెలుగుతో వస్తుంది.

డిసెంబర్ చివరి సందర్శనకి 21 ఆకులున్నాయి. ఏప్రిల్ తర్వాత రాలినవి రెండే, కొత్తగా వచ్చినవి తొమ్మిది. కింది రెండడుగుల కాండం మోడుగానే ఉంది, అక్కడ వాటంతట అవే ఇక ఆకులు రావు. దాన్ని సరిచేయాలంటే వచ్చే వానాకాలంలో పైభాగానికి గాలి అంటు కట్టి, వేళ్లు పట్టాక కోసి వేరే కుండీలో పెట్టాలి. కింది మోడు నుంచి పక్క కొమ్మలు లేస్తాయి. ఈ ఏడాది వేళ్లు దెబ్బతిని ఉన్నాయి కాబట్టి ఆ పని వద్దన్నాం.

హాల్లో టైల్ మీద, ఉత్తరం గదిలో కిటికీ పక్కన కుండీ పెట్టాల్సిన చోట టేపు అతికించి నెలలు రాసిపెట్టారు. అక్టోబర్ మధ్యలోనూ ఫిబ్రవరి చివర్లోనూ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాడు, కాబట్టి తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎండ పట్టీ గడప దాటి బాల్కనీలోకి జరిగిన వారంలో కుండీ ఉత్తరం గదికి వెళ్తుంది, మూడు వారాల్లో మూడు దశలుగా.